నువ్వులు మోసిన పురుగు

హలో… ఆ గిరిజా, నేనే, శేషారత్నం ఆంటీని. ఫోటో చూశావా?… అదేనమ్మా, మధ్యధరా సముద్రం దగ్గరుండే స్క్వాష్ బగ్! లైబ్రరీ పుస్తకంలో ఉన్నట్టే వీపు మీద గుడ్లు మోస్తోంది. పురుగుల లాబ్‌లో చేస్తున్నావని నీకే పంపాను.

ఎక్కడా?… మా పక్కింటి శివ్‌వతి పెరట్లో. అదే, ఫిజీ తెలుగావిడ. సొరపాదు మీద… ఆ, కుండీలో పాదే.

అవన్నీ ఎందుకమ్మా? బయటి దేశం పురుగు కనబడింది కాబట్టి ఆ కుండీలు కదలకూడదని మీ లాబ్ తరఫున ఓ కాగితం రాసిచ్చెయ్. రేపు ట్రక్కొస్తోంది. వాళ్ళబ్బాయి నీలేశ్ ఆవిణ్ణి ఎక్కడో దూరాన లోవర్ హట్‌లో తన ఇంటికి తీసుకెళ్ళిపోతున్నాడు. కుండీలు వదిలి ఆవిడ మా రోటోటూనా పేట దాటదు, నాకు తెలుసు…

అబ్బే, నాకేం బాధ! దేశం కోసం చెబుతున్నాను.

ముళ్ళా?… ఒంటి నిండా ఉండాలా? ముసలి పురుగేమో, అరిగిపోయుంటాయి… నవ్వుతావేం?

ఏమిటీ, సొరపాదు మీద ఉండదా? పేరులోనే స్క్వాష్ ఉందిగా, అంటే గుమ్మడీ సొరేగా!… ఓహో, అది వాళ్ళ కుటుంబం పేరా… ఇసక నేలల్లో, నేలనంటి పాకే తెల్లపూల మొక్క మీదా… ఆ పేజీ చదవలేదే తల్లీ. బొమ్మ దగ్గరే ఆగిపోయాను.

చీమలా? ఫోటోలో చీమలున్నాయా?…

సరే. నువ్వులే. బెల్లం పాకంతో అంటించాను. మూడు జారిపోయాయి కూడా… కడిగి వదిలేస్తాలే పాపం.

తిట్టకు. బస్టాండుల్లో, ఎయిర్‌పోర్టుల్లో ఊపి ఊపి నా చెయ్యి అరిగిపోయింది. ఒక్కర్నీ ఒక్క పూటైనా ఆపలేకపోయాను. ఈసారి పురుగునైనా అడ్డం పెడదామని…

ఆ?… ఇంకో ఫోటోనా? శివ్‌వతి పంపిందా!… నీ నంబరు నేనే ఇచ్చాన్లే. పుస్తకం చూపించిందీ నేనే… ఎక్కడ దొరికిందట?… మంచం కిందా! వీపు మీద ఏమున్నాయి?… ఆవాలా! రామ రామ, బొమ్మలో గుడ్లు బంగారు రంగులో మెరుస్తుంటే నల్లావాలు అంటిస్తుందా!

అంటే… ఆవిడకీ వెళ్ళడం ఇష్టం లేదన్నమాట.

నాతో ఒక్క ముక్క అనలేదే… నేనా? నేనూ ఉండమని అడగలేదు. అడిగాక కూడా వెళ్ళిపోతే ఎలాగని…

ఆగాగు. కంచె దగ్గరే ఉంది. చేతిలో జిగురు సీసా! ఇంకో పురుగుని పట్టింది కాబోలు. పెట్టేస్తున్నానమ్మా—

శివ్‌వతీ! ఆ సీసా కింద పెట్టు. దొరికిపోయాం. ఇటు రా… నీలేశ్‌తో నేను మాట్లాడతాను. ముందు నాకు చెప్పు, ఉంటావా?