రెండు నిమిషాల పది సెకన్లు

పోయిన ఆదివారం సాయంత్రం ఐదు గంటల పన్నెండు నిమిషాలకు, 'గిడ్డంగి' నాటకం రెండో అంకంలో, ఆయన చేతిలోంచి తాళాల గుత్తి జారి కింద పడింది. ఐదూ పద్నాలుగు దాటాక గానీ ఎవరూ ఆయన దగ్గరికి వెళ్లలేదు. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది. ఆయన వయసు అరవై ఒకటి.

వదినగారూ, నాటక బృందం మిత్రులారా, ఇన్నేళ్లూ టిక్కెట్టు కొని వచ్చి, ఇవాళ టిక్కెట్టు లేకుండా ఈ హాలు నింపిన ప్రేక్షకులారా. మనం పోగొట్టుకున్న మనిషిని ఈ ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. తాళాలాయన అనేవాళ్లం. ఇరవై రెండేళ్లు ఒకే వేషం వేశారు. కరువులో పిల్లలు పస్తులున్నా ధాన్యం గిడ్డంగికి తాళం వేసుకుని, ఆ తలుపు ముందే బస్తా మీద కూర్చునే యజమాని వేషం. మంచివాడి వేషం ఇస్తామంటే ఒప్పుకోలేదు. "మంచివాణ్ణి చూసి జనం తలూపి ఇంటికి పోతారు. నన్ను చూస్తే ఇంటికి పోయాక కూడా నాతోనే పోట్లాడుకుంటారు" అనేవారు.

ఎందుకు? అంత చెడ్డవాణ్ణి చూడటానికి మనం మళ్లీ మళ్లీ ఎందుకు వచ్చాం? నేను విలేకరిని కాబట్టి ఆ ప్రశ్న ఆయన్నే అడిగాను. జవాబుగా సెలూన్ సంగతి చెప్పారు.

గడ్డం గీయించుకుంటున్నారట. కత్తి మెడ దగ్గర ఉంది. సెలూన్ యజమాని చెయ్యి ఆపి, "ఆ పిల్లలకి నాలుగు గింజలు పడేస్తే మీ సొమ్మేం పోయేదండీ?" అన్నాడు. ఈయన అద్దంలో కత్తినే చూస్తూ, "ముందు ఆ పక్క కూడా కానివ్వు నాయనా, ఇచ్చేద్దాం" అన్నారు.

నవ్వండి, పర్వాలేదు. ఆయనా నవ్వుతూనే చెప్పారు. కానీ ఆ సెలూన్ యజమాని ఈ నాటకం తొమ్మిదిసార్లు చూశాడు. తొమ్మిదోసారి మేకప్ గదిలోకి వచ్చి, "మా తమ్ముడి వాటా గదికి తాళం వేసి చెవి నా దగ్గరే పెట్టుకున్నానండీ. ఆరేళ్లయింది. మీ అంత దర్జాగా కూర్చోవడం నాకు రావట్లేదు" అని చెప్పాడు. ఆ మనిషి ఈ హాల్లోనే ఉన్నాడు. చెప్పమన్నాడు కాబట్టి చెప్తున్నాను. ఆ గది ఇంకా తెరవలేదు.

అదీ సంగతి. మన జేబుల్లో దాచుకున్న తాళంచెవిని ఆయన అందరి ముందూ వేలికి వేసుకుని తిప్పేవారు. మనం చేసి దాచుకునే పని సిగ్గు లేకుండా చేసి చూపించేవారు. చివర్లో దెబ్బ ఆయన తినేవారు. మనం చేతులు దులుపుకుని ఇంటికి వెళ్లేవాళ్లం.

ఇప్పుడు ఆయన మేనల్లుడి గురించి మాట్లాడాలి. ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. ఎవరూ వెనక్కి తిరగొద్దు. కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం అతనిది. నాటకంలో గిడ్డంగి తలుపు తెరవమని నిలదీసేది అతనే.

తాళాలాయనకు ఒక పద్ధతి ఉండేది. ఆటకొక చిన్న మార్పు చేసేవారు, ఎదుటివాళ్లకు చెప్పకుండా. మాట మింగేసేవారు. తల వాల్చేసేవారు. ఎదుటి నటుడు కునుకు తీయకూడదని. ఏడేళ్ల కిందట ఒక ఆటలో ఇలాగే తల వాల్చేస్తే మేనల్లుడు కంగారుపడి, వేషం మరిచిపోయి, "మామయ్యా, ఏమైంది?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆ తర్వాత మేకప్ గదిలో మేనమామ గొంతు పెంచకుండా, "నేనేం చేసినా నువ్వు కదలకు. నువ్వు జాలిపడితే జనం నన్ను చూడటం మానేస్తారు" అన్నారు. అతని చేతనే ఆ మాట అద్దం మీద రాయించారు. నిన్న వెళ్లి చూశాను. ఉంది.

ఆదివారం గుత్తి పడింది. తల తలుపుకి ఆనింది. మేనల్లుడు కదల్లేదు. తెర పక్కన పుస్తకం పట్టుకుని మాట అందించే ఆయన భార్య, మన వదినగారు, కదల్లేదు. మూడు వందల పన్నెండు మంది ప్రేక్షకులం కదల్లేదు. మూడో వరసలో కూర్చుని నేను వాచీ చూసుకుని, నోటుబుక్కులో ఒక వాక్యం రాసుకున్నాను: "ఇవాళ మౌనం కొత్తగా ఉంది, బాగుంది." చివరికి లేచి పరిగెత్తింది వదినగారు.

మర్నాడు పేపర్లో నేను రాసిన వార్తలో, మేనల్లుడు "చూస్తూ నిలబడ్డాడు" అని ఉంది. అబద్ధం కాదు. కానీ అద్దం మీది మాట రాయలేదు. మిగతా మూడు వందల పన్నెండు మంది సంగతీ రాయలేదు. బుధవారం పొద్దున అతని దుకాణం షట్టరు మీద ఎవరో ఎర్ర రంగుతో "చూస్తూ నిలబడ్డాడు" అని రాశారు. నా మాటలే.

వెంటనే చూసి ఉంటే బతికేవారా? డాక్టర్ని అడిగాను. "బతికేవారని చెప్పలేను. బతికేవారు కాదనీ చెప్పలేను" అన్నారు. అంతకు మించి నా దగ్గర సమాచారం లేదు. దాన్ని తగ్గించి చెప్పను, పెంచి చెప్పను. కానీ ఒకటి అడుగుతాను. తలుపు ముందు బస్తా ఖాళీ అయి నాలుగు రోజులు కాలేదు. దాని మీద అప్పుడే ఇంకొకణ్ణి ఎందుకు కూర్చోబెట్టాం? వేషం కట్టినవాణ్ణి తిట్టుకోవడం ఆట. వేషం లేనివాడి షట్టరు మీద రాయడం ఏమిటి?

ఈ ఫోటో పక్కన బల్ల మీద ఉన్నది ఆ తాళాల గుత్తే. వదినగారు పెట్టారు. యజమాని వేషం మేనల్లుడే వెయ్యాలని ఆమె కోరిక. అతను ఇంకా అవుననలేదు. నేను నిన్న అడిగితే, "ఆ తలుపు ముందు కూర్చుంటే జనం దేన్ని చూస్తారు, వేషాన్నా, నన్నా?" అన్నాడు. దానికి జవాబు మీ దగ్గర ఉంది.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. రెండు నిమిషాల పది సెకన్లు. వాచీ నేను చూస్తాను. ఎవరూ కదలొద్దు. అది ఎంతసేపో ఒంటికి తెలియనివ్వండి.

అయ్యాక ఈ నడవా ఖాళీగా ఉంచండి. ఆఖరి వరస నుంచి ఈ బల్ల దాకా రావడానికి ఒక మనిషికి దారి కావాలి. అతను వచ్చి గుత్తి తీసుకుంటే, శనివారం సాయంత్రం నాలుగు గంటలకు 'గిడ్డంగి' తెర లేస్తుంది.

లేవండి.