రైలెక్కించిన స్పీకర్లు

టీ కొట్టు బెంచీ మీద బడాయి బాబాయికి ఎదురుగా కూర్చున్న స్టూడియో ఆయనకి ఆ పూట నవ్వులాటకి ఓపిక లేదు. పెళ్లి వీడియోలో సౌండు మన చుట్టూ ఉన్నట్టు వినపడాలని పెళ్లివారిది ఒకటే పట్టు. కంప్యూటరు ముందు ఎంత తంటాలు పడ్డా అది బావిలోంచి వస్తున్నట్టే ఉంది. రేపటికి కుదరకపోతే పని ఎదురు స్టూడియోకి పోతుంది. అందుకే బాబాయి స్పీకర్ల మాట ఎత్తగానే చెవులు రిక్కించాడు.

"బ్రహ్మవిద్యేం కాదండీ," అన్నాడు బాబాయి. "మా బావమరిదిని అడిగి రెండు స్పీకర్లు తెచ్చా. గోడకి కాస్త ఎడంగా, చెవుల ఎత్తున పెట్టా. ఆ రెంటికీ మధ్య ఎంత దూరమో, నా తలకీ అంతే దూరం ఉండేలా సర్ది, మొహాలు నా వైపు తిప్పా. పాట పెడితే పాడేవాడు మానిటరు మీదకొచ్చి కూర్చున్నాడు!"

ఇదేదో నమ్మేలాగే ఉందనుకున్నాడు స్టూడియో ఆయన.

"ఆ తర్వాత వాన సౌండు పెట్టా. ఏమైందో తెలుసా? మా ఆవిడ ఇల్లు కారుతోందనుకుని బకెట్ పెట్టింది. పెడితే పెట్టింది, పొద్దున చూస్తే సగం నిండింది!"

"మరీ అంత కోతా బాబాయ్!" అన్నాడు టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ.

"ఇంకా వినవయ్యా. రైలు సౌండు పెట్టా. ఎడమ పక్క నుంచొచ్చి, నా వీపు వెనకగా తిరిగి, కుడి పక్కన ఆగింది. పక్కింటాయన సూట్‌కేసుతో తలుపు తోసుకొచ్చాడు. మహాప్రభో, అది స్పీకరు అని మొత్తుకుంటున్నా వినడే, ఎక్కేశాడు! నిన్న ఫోన్ చేశాడు. క్షేమంగా చేరాడట, కిటికీ పక్క సీటే దొరికిందట."

బెంచీ అంతా గొల్లుమంది. స్టూడియో ఆయనకి మాత్రం ఏడుపొక్కటే తక్కువ. ఇందులో పనికొచ్చేదెంతో, గాలికి వదిలేయాల్సిందెంతో అంతు చిక్కలేదు.

అప్పుడే కొట్టు ముందు బండి ఆపిన బావమరిది, రైలు సంగతి విని, సంచిలోంచి ఓ అడాప్టరు తీసి బల్ల మీద పెట్టాడు.

"బావా, ఇది మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇది లేనిదే ఆ స్పీకర్లు కిక్కురుమనవు. ఇచ్చేద్దామని వారం నుంచీ నీకోసం వెతుకుతున్నా."

బాబాయి తాపీగా టీ గుటక వేశాడు. "చూశారా మరి! కరెంటు లేకుండానే మనిషిని ఊరు చేర్చాయి."

స్టూడియో ఆయన నవ్వలేదు. "గోడకి ఎడంగా, చెవుల ఎత్తున అన్నదీ కోతేనా?" అని బావమరిదినే అడిగాడు.

"అదొక్కటే నిజమండీ. స్పీకర్ల డబ్బా మీద ఎలా పెట్టాలో బొమ్మేసి మరీ ఉంటుంది."

బాబాయి ఇంకో కథకి గొంతు సవరించుకుంటుంటే, స్టూడియో ఆయన లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"కథ తర్వాత చెబుదురు గాని బాబాయ్, ఆ డబ్బా ఉందా, పారేశారా?"