ఆ పేరు గలవారు ఇక్కడ లేరు: ఒబ్దూలియా సాల్గాదో గారి సేవాప్రస్థానం

1991 జనవరి 16వ తేదీన, గెర్రేరో కొండల్లోని పాలో వెర్దె గ్రామం నుంచి ఒక చేతిసంచితోను, మడమలు కరిచే కొత్త చెప్పులతోను కువాత్లా పట్టణానికి వచ్చి, క్రిమినల్ న్యాయస్థానంలో టైపిస్టుగా విధులలో చేరిన శ్రీమతి ఒబ్దూలియా సాల్గాదో గారు ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు.

ఆ రోజులలో నేరం రుజువు కాకముందే మనిషిని జైల్లో పెట్టి మరచిపోవడం ఆనవాయితీ. విచారణ ఎప్పుడో, తీర్పు ఎప్పుడో ఎరుగని రిమాండు ఖైదీల పేర్లను ఏళ్ల తరబడి టైపు చేసిన ఒబ్దూలియా గారికి, ఆ పేర్ల వెనుక వాకిళ్లూ, వంటిళ్లూ, ఎదురుచూసే కళ్లూ ఉంటాయన్న స్పృహ ఏనాడూ తప్పలేదు. పెద్దలకు తప్పింది; అది వేరే సంగతి, వారి సన్మానాలు వేరే జరుగుతాయి.

2012లో మన విభాగం ఏర్పడగానే ఆమె కోరి ఇక్కడికి బదిలీ చేయించుకొన్నారు. అరెస్టయిన మనిషిని జడ్జి ముందుకు తీసుకువెళ్లకముందే కలిసి, అతనికి ఇల్లుందా, పనుందా, మావాడే అని చెప్పే ఇరుగుపొరుగు ఉందా అని వీధిలోకి వెళ్లి విచారించి, ఆ మనిషి ఇంట్లో ఉండి విచారణకు రావచ్చునో లేదో న్యాయస్థానానికి నివేదించడం ఆమె ఉద్యోగం. డైరెక్టర్లు వచ్చారు, గోడమీద ఫోటోలై వెళ్లారు. వీధులు తిరిగినవారు మాత్రం ఒబ్దూలియా గారు.

ఈ విభాగంలో చేరిన రెండో ఏట జరిగిన ముచ్చట ఒకటి ఇక్కడ స్మరించుకోవాలి. నికాసియో బహేనా అనే బ్యాండు కళాకారుడు, ట్యూబా అనే పెద్ద బాకా వాయించేవాడు, జాతరలో తాగి ఒక బేకరీ తలుపు బద్దలుకొట్టి పట్టుబడ్డాడు. అదే మధ్యాహ్నం జడ్జి ముందు హాజరు. ఒబ్దూలియా గారు ప్రభుత్వ ముద్ర ఉన్న కోటు తొడుక్కొని, అతని వీధిలోని మొక్కజొన్న రొట్టెల దుకాణానికి వెళ్లారు.

"నికాసియోనా? అలాంటివాళ్లెవరూ ఈ వీధిలో లేరమ్మా," అన్నది దుకాణం యజమానురాలు దొన్యా చోనా, చేతులు కట్టుకొని.

"ట్యూబా వాయిస్తాడటగా?"

"ట్యూబానా! మా వీధిలో ఈలవేసే మొగాడు కూడా లేడు."

వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఒబ్దూలియా గారు వెనుదిరిగారు. గడప దాటారో లేదో అదే గొంతు, ఈసారి మెత్తగా, వెనుక నుంచి వినబడింది.

"ఏమ్మా... పొద్దున్నుంచీ వాడికి తినడానికి ఏమన్నా పెట్టారా?"

"ఎవరికి, దొన్యా?"

నవ్వులు ఆగిపోయాయి. ఒబ్దూలియా గారు కోటు విప్పి మడిచి, అక్కడే పీట లాక్కొని కూర్చొన్నారు.

"ఒక వేడి రొట్టె ఇవ్వండి. ఉప్పు చల్లితే చాలు. మీరు వాణ్ణి దాస్తున్నామనుకొంటున్నారు. దాచడం కాదది, లోపలికి తోయడం. ఎవరూ ఎరగనివాడు పారిపోతాడని జడ్జిగారి భయం. మీరన్నదే నేను చెప్పానంటే కేసు తేలేదాకా వాడు జైల్లోనే."

"సర్కారు కోటు వేసుకొచ్చి పేరడిగితే ఏం చెప్పమంటావు తల్లీ? అలా వస్తే మా అమ్మ పేరడిగినా తెలియదనే అంటాం."

"ఇప్పుడు కోటు లేదుగా."

దొన్యా చోనా వీధి అటూ ఇటూ చూసింది. "ఆ గాడిద పుట్టిందే మా వెనకగదిలో. బొడ్డు కోసింది మా అత్త. తెలియకపోవడమేమిటి! రాసుకో."

నికాసియో ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లాడు. ప్రతి సోమవారం వచ్చి సంతకం చేశాడు. తర్వాత, శిక్ష దాకా పోనీయకుండా, షరతులమీద కేసును పక్కనపెట్టే ఏర్పాటు కూడా జరిగింది. తలుపు తన చేతులతోనే బాగుచేశాడు, ఏడాదిపాటు వీధి పిల్లలకు బాకా నేర్పాడు, కేసు మూసేశారు. ఆనాటి నుంచి కొత్తగా చేరినవారికి ఒబ్దూలియా గారు చెప్పే మొదటి పాఠం ఒక్కటే: "లేరన్నారని రాసేసి వచ్చెయ్యకండి. లేరన్నాక ఇంకేం అడుగుతారో వినిరండి."

మన ఉద్యోగంలో ఒక చేదు ఉంది. తప్పినవాళ్లు మళ్లీ వస్తారు, బాగుపడ్డవాళ్లు ఇటు తొంగిచూడరు. జాతర రోజున బ్యాండు మన వీధిలో నుంచి పోతుంటే ఆమె కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకు వెళ్లేవారు. "అతనేనా?" అని అడిగేవారు. టోపీల కింద ఎవరు ఎవరో మాకెవరికీ తెలిసేది కాదు. బాకా మోత మలుపు తిరిగి సద్దుమణిగేదాకా అక్కడే నిలబడేవారు. ఒకసారి అటే చూస్తూ అన్నారు: "ఇంతమందికి ఊరుందని నేను చెప్పాను. నాకోసం ఎవరైనా వచ్చి అడిగితే, ఏ వీధి చెబుతుంది?" ఉద్యోగమంతా ఆమె అద్దె గదులలోనే గడిచింది. తల్లి అంత్యక్రియల తర్వాత పాలో వెర్దెకు వెళ్లనే లేదు. విరమణ తర్వాత అక్కడికే పోవాలని కోరిక. తనను గుర్తుపట్టేవారు మిగిలి ఉంటారా అని భయం.

కిందటి నెలలో ఎవరార్దో అనే మన డ్రైవరు ఆమెను అక్కడికి తీసుకువెళ్లాడు. ఊరి మొదట్లోనే ఆమెకు ధైర్యం చాలలేదు. బండి దిగకుండా అతణ్ణి పంపించారు. అతను ఆఫీసు కోటుతోనే వెళ్లి, మొదటి ఇంటి గడపలో మొక్కజొన్న ఒలుస్తున్న ముసలామెను అడిగాడు.

"ఒబ్దూలియా సాల్గాదో గారిది ఈ ఊరేనా అమ్మా?"

"కాదు."

"ఇక్కడే పుట్టారని విన్నాను..."

"ఎవరు కూశారు? ఆ పేరుగలవాళ్లు ఈ ఊళ్లో ఎప్పుడూ లేరు. పో నాయనా, కొండదారి, పొద్దుపోతుంది."

ఎవరార్దో బండి దగ్గరకు వచ్చి, తలవంచుకొని, విన్నది విన్నట్టు చెప్పాడు. ఒబ్దూలియా గారు బండి వెనక్కి తిప్పమన్నారు. అతను బండి తాళం తిప్పబోతుండగా గడపలో నుంచి కేక వినబడింది.

"ఒరే అబ్బాయ్! దానికి ఒంట్లో బాగానే ఉందా?"

ఒబ్దూలియా గారు తలుపు తెరుచుకొని దిగారు.

ఆ ప్రశ్నకు "బాగుంది" అన్న జవాబే కలకాలం నిలవాలని, ఆమె సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో ఆ గడపలోనే కూర్చొని మొక్కజొన్న ఒలుచుకోవాలని, సర్కారు కోటు వేసుకొని ఎవరు వెళ్లి అడిగినా ఆ ఊరు ఊరంతా ఒబ్దూలియా ఎవరో తమకు తెలియదనే చెప్పాలని మనసారా కోరుకొంటున్నాము.