పొగ మీటరు

కరెంటు రేట్లు పెంచిన ఏడాది, వీరులపాడుకు ఆవల ఒక మెట్ట ఊరు. ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టేసి, ఎవరూ నేర్పకుండానే కరెంటు పని నేర్చుకున్న ఏలీయా గడపలో కూర్చుని పాత ఫ్యాను విప్పుకుంటున్నాడు. భార్య ప్రేమకుమారి వంటపాకలో పొయ్యి ఊదుతోంది. పొగ సర్వేకు ఊళ్ళో సాయం చేసి, నిన్న నందిగామలో వాళ్ళ మీటింగుకు వెళ్ళొచ్చిన పక్కింటి పిల్ల కృపాజ్యోతి పొద్దున్నే వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"లిస్టు రెండుసార్లు చదివా బాబాయ్. మనూరి పేరే లేదు."

"లేదా? శుభం! చల్లటి కబురు తెచ్చావమ్మాయ్. కూర్చో, నిలబడ్డావే?"

"శుభమేంటి బాబాయ్..."

"మరి కాదా? ఊరు ఊరంతా తప్పించుకుంది. ఎవరి వల్ల? ఒక్కడన్నా నా పేరెత్తుతాడేమో చూడు. ఏమే ప్రేమా, విన్నావా? లిస్టులో మనం లేమంట!"

"ఏ లిస్టయ్యా? ఖళ్... ఖళ్... ఉండు, ఈ కట్టె అంటుకోనీ. ఏ లిస్టు?"

"డబ్బాలోళ్ళదే. ఎండాకాలం మీ ఆడోళ్ళ భుజాలకి పొగ కొలిచే డబ్బాలు తగిలించిపోయారుగా, వాళ్ళది."

"వచ్చిందా! మరి మనకెప్పుడు కడతారంట కృపా?"

"ఏం కడతారే?"

"పొయ్యి. పొగగొట్టం పొయ్యి. పొగంతా కప్పు మీదగా బయటికి పోయేది."

"నీకెవరు చెప్పారు?"

"ఈ పిల్లే చెప్పింది, డబ్బా తగిలించిన రోజున. నీకూ చెప్పింది. నువ్వు చెవిన పెడితేగా."

"మూడుసార్లు చెప్పా పిన్నీ. కరపత్రం కూడా చేతిలో పెట్టా."

"కరపత్రమా... అదా. అది బీడీలు తడవకుండా చుట్టుకున్నా. అయినా అమ్మాయ్, నువ్వు ఇంటరు చదివావు, నేను చదవలా. ఒక్కమాట చెప్పు. ఊరికే కొలిచిపోయినోణ్ణి ఎక్కడన్నా చూశావా? నీళ్ళు కొలిచారు, బిల్లేశారు. కరెంటు కొలిచారు, బిల్లేశారు. కొలిచేదే అందుకు."

"దర్జీ కొలవడా బాబాయ్?"

"కొలిచి కుట్టుకూలి పుచ్చుకోడూ? మాటలు నేర్చావు. కరెంటు రేట్లు పెంచుతున్నారని పేపర్లో పడింది చూడు, ఆ వారమే దిగారు వీళ్ళు డబ్బాలేసుకుని. కిరసనాయిలు పెరిగింది. గ్యాసు బండ సంగతి సరేసరి, దాని వైపు చూస్తేనే చెయ్యి కాలుద్ది. ఊరికే దొరికేది పత్తికట్టె ఒక్కటే మిగిలింది మనకి. దాని మీద కూడా కన్నేశారనుకున్నా. తప్పా?"

"అనుకుని?"

"అనుకుని నా పని నేను చేశా."

"ఏం చేశావో నీ నోటితో చెప్పు బాబాయ్."

"దొంగతనం చేసినట్టు అడుగుతావే! గొట్టం మూతికి చిటికెడు దూది పెట్టా. మనూళ్ళో దూదికేం కరువు? మోటారు తిరుగుద్ది, పొగ మాత్రం దూదిలో ఆగిపోద్ది, లోపలున్న కాగితం తెల్లగా ఉంటది. కరెంటు మీటర్లో ఫోటో నెగిటివు ముక్క దూరిస్తే చక్రం ఆగదూ? అదే తెలివి. మర్నాడు డబ్బాలోళ్ళొచ్చే ముందు ఎవరి దూది వాళ్ళు పీకి పొయ్యిలో పడెయ్యమన్నా. నలభై ఇళ్ళు తిరిగా, ఎండలో. ఒక్కడి దగ్గర పైసా ముట్టలా."

"శాంతయ్య తాత కోడిపెట్టనిచ్చాడుగా."

"అది అభిమానం."

"బాబాయ్, కాగితం ఎంత నల్లగా ఉంటే ఆ ఇంటికి అంత ముందు పొయ్యి ఇస్తారు. అందుకు కొలిచారు. మనవి తెల్లగా ఉన్నాయి. పొగే లేని ఊరికి పొగగొట్టం దేనికని మనల్ని పక్కన పెట్టేశారు."

"నల్లగా ఉన్నోళ్ళకా?"

"నల్లగా ఉన్నోళ్ళకే."

"ఊరికేనా?"

"ఊరికే. సిమెంటు, రేకుగొట్టం, మేస్త్రీ కూలీ, అన్నీ వాళ్ళవే."

"ఇదెక్కడి పద్ధతే! ఎక్కువ తిరిగిన మీటరుకి ఎదురిచ్చేదేంటి? లోకంలో లేని పద్ధతి పెట్టుకున్నోళ్ళు ముందే విడమర్చి చెప్పొద్దూ?"

"మూడుసార్లు..."

"సరేలే, చెప్పావు. మళ్ళీ మళ్ళీ అదే చెప్పమాకు."

"వాగవతల ఊరికి ముప్పై అయిదు పొయ్యిలొచ్చాయి బాబాయ్."

"వాళ్ళకా? వాళ్ళదీ పత్తికట్టె, మనదీ పత్తికట్టె. వాళ్ళ పొగ పైనుంచి దిగిందా?"

"ఆ రోజు మిరపకట్టె తడిపి పొయ్యిలో పెట్టారంట. తలుపులు కూడా మూసుకున్నారంట."

"చూశావా! చూశావా దొంగలు! సర్కారోణ్ణి మోసం చేసి..."

"మరి నువ్వు చేసిందేంటి బాబాయ్?"

"నేను మీటరు ఆపా. వాళ్ళు తోలారు. ఆపటానికి పనితనం కావాలి. ముందుకి తోలటం ఏముంది, గాడిద కూడా తోలుద్ది."

"ఖళ్... ఖళ్... మీ పనితనాలు తర్వాత తేల్చుకోండి. నా సంగతేంటి కృపా? ఇంకో వానాకాలం ఈ పాకలో పొగ మింగితే రొమ్ము నిలబడదని చెప్పాడు నందిగామ డాక్టరు. ఈయన ఎదురుగానే చెప్పాడు."

"గ్యాసు కొనుక్కోమని కూడా చెప్పాడు ఆయన. బండ ఆయన మోసుకొస్తాడా నెలనెలా?"

"అందుకేగా నేను ఆ గొట్టం పొయ్యి మీద ఆశ పెట్టుకుంది. వైశాఖం నుంచీ చూస్తన్నా. కప్పుకి కన్నం ఎక్కడ పెట్టాలో కూడా అనుకుని ఉంచా."

"పేపర్లో కూడా పడింది పిన్నీ. పొయ్యి పొగ పీల్చటమంటే రోజుకిన్ని సిగరెట్లు తాగినట్టేనని సగం పేజీ రాశారు. కింద చుట్టూ గీతలు గీసి మనూరి గురించి నాలుగు ముక్కలు. కట్టెలు కాల్చినా పొగ అంటని ఊరు అని."

"మనూరి పేరు పేపర్లోనా? మా బాగా రాశారా?"

"బాబాయ్!"

"అబ్బే, అడిగా అంతే."

"కొట్టు దగ్గర వెంకటరత్నం గారు అందరికీ చదివి వినిపిస్తున్నారు. మన ఊరి నీళ్ళలో ఏదో ఉందంటారాయన. పాస్టరు గారేమో ప్రార్థనల ఫలం అన్నారు, ఆదివారం ఎవరన్నా లేచి సాక్ష్యం చెప్పాలంట. మా నాయనమ్మయితే, నేను తొంభై ఏళ్ళు పొయ్యి ఊదాను నాకేమైంది, పొగ లేకపోతే దోమలు ఎత్తుకుపోతాయంటోంది."

"ముసల్ది చెప్పిందే రైటు. పరిశోధనలంట పరిశోధనలు! అప్పుడు గుడ్డులో పచ్చసొన తింటే గుండాగుద్దన్నారు. నేను మానేశా. ఈ ఏడు మళ్ళీ తినొచ్చంటన్నారు. ఇన్నేళ్ళు వదిలేసిన సొనలన్నీ ఎవడిస్తాడు నాకు?"

"ఇంకో సంగతి. పిన్నికి సూదులేసే ఆర్ఎంపీ కూడా పేపరు చదివాడు. ఈవిడ దగ్గుకి పొగ కారణం కాదని తేలిపోయిందిగా, ఇది ఇంకేదో జబ్బు, ఆ మందులు మొదలుపెడదాం అంటున్నాడు."

"ఇంకేం జబ్బే నాకు! పొయ్యి దగ్గర్నించి లేస్తే తగ్గుద్ది, కూర్చుంటే వస్తది. దీనికి చదువు కావాలా?"

"నువ్వు ఆవేశపడమాకే. దగ్గొస్తది."

"వచ్చేదేంటి, పోయిందెప్పుడు? కృపా, మళ్ళీ కొలవమంటే కొలవరా?"

"ఒక్క దారుంది పిన్నీ. బాబాయ్ వచ్చి సారుతో, దూది పెట్టింది నేనే అని ఒక్కమాట చెప్పాలి. అది చెబితే మళ్ళీ డబ్బాలు పంపిస్తారు."

"నేనా?"

"నువ్వే."

"చెబుతా. చెబితే ఆయన ఊరుకుంటాడా? ఏలీయా, ఈ విద్య ఎక్కడ నేర్చావయ్యా అంటాడు. ఊళ్ళో సగం మీటర్లలో నా నెగిటివులే ఉన్నాయి. మొన్న జగ్గయ్యపేటలో కరెంటోళ్ళ విజిలెన్సు జీపు దిగింది, ఇద్దర్ని ఎక్కించుకుపోయారు. రేట్లు పెంచిన్నాటి నుంచీ కుక్కల్లా తిరుగుతున్నారు వాసన చూసుకుంటా."

"పొగ సార్లు వేరు, కరెంటోళ్ళు వేరు బాబాయ్."

"జీపులన్నీ ఒకటేనమ్మా. నా ఒక్కడితో పోద్దా? ఊరంతా పెనాల్టీ కట్టాలి. శాంతయ్య మొహం చూసి చెప్పు, ఆ ముసలోడు కడతాడా?"

"సరేలేవయ్యా. నువ్వేం జైలుకి పోవద్దు. ఊరందరి సంగతీ నాకెందుకు. నాకొచ్చేది నాకిప్పించండి, చాలు."

"నీకెట్టా వస్తదే? ఊరే లేకపోతే నువ్వెక్కడున్నావు?"

"నా కాగితం నల్లగానే ఉండుంటది."

"ఏంటీ?"

"నువ్వు పెట్టిన దూది పీకేశా. నువ్వటు శాంతయ్య మామ ఇంటికి మళ్ళావో లేదో, పీకేశా."

"నువ్వు... ఎందుకే? ఎందుకు పీకావు?"

"అరవమాకు. ఆ డబ్బా చెవి కిందేగా ఉండేది. దూది పెట్టినకాడ్నించీ గాలందక సన్నంగా ఈల వేసింది. అచ్చం నా రొమ్ము ఈల వేసినట్టే. వినలేకపోయా. పీకేసి పొయ్యి ముందు కూర్చున్నా. ఇదిగో నాయనా, నేను పీల్చేది నువ్వూ ఒక రోజు పీల్చు, పోయి పెద్దోళ్ళకి చెప్పు అన్నా దాంతో. నవ్వమాకే కృపా."

"నవ్వట్లేదు పిన్నీ."

"మరి మొహం అట్టా పెట్టావేం? చెప్పు, నల్ల కాగితం ఒకటుందా లేదా?"

"పొద్దెక్కింది. అమ్మాయ్, నీకు ట్యూషను పిల్లలు వస్తారేమో..."

"ఉంది పిన్నీ. ముప్పై తొమ్మిది మల్లెపూలు, ఒక్కటి పెనం అడుగు. నిన్న ఫైల్లో నా కళ్ళతో చూశా."

"విన్నావా ఏమయ్యా! ఉందంట! అది పోయి చెప్పింది! మరి నా పేరు రాశారా?"

"రాశారు. రాసి కొట్టేశారు."

"కొట్టేశారా? ఎందుకు?"

"అది పొయ్యి మసి కాదంట. డబ్బాలో మోటారు చెడిపోయి, దాని బొగ్గు బ్రష్షులు కాలి కక్కిన మసంట. అట్టా అని కాగితం గుచ్చి ఉంది."

"ప్రేమా, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది చూడు."

"మాడనీ. అంతంత చదువుకున్నోళ్ళకి పొయ్యి మసికీ మోటారు మసికీ తేడా తెలీదటే?"

"వాళ్ళకీ అనుమానమే పిన్నీ. ముప్పై తొమ్మిది తెల్లగా ఉండి ఒక్కటే ఇంత నల్లగా ఉందంటే, తప్పు ఆ ఒక్కదాన్లో ఉందో, ఆ ముప్పై తొమ్మిదిలో ఉందో చూద్దామన్నారంట. ఊరంతా మళ్ళీ కొలుద్దామనే అనుకున్నారు. ఎందుకైనా మంచిదని ముందు ఆ డబ్బా పట్టుకొచ్చి ఒక మెకానిక్కుకి చూపించారు. ఆయన విప్పి చూసి, బ్రష్షులు కాలాయి, ఈ ఒక్క డబ్బానే చెడిపోయింది, మిగతావన్నీ రైటేనని రాసిచ్చాడు. ఇంకంతే, మళ్ళీ కొలవటం మానుకున్నారు."

"ఏ మెకానిక్కే? వాడి చేతులు పడిపోను. నందిగామోడా?"

"కాదు పిన్నీ."

"మరి జగ్గయ్యపేటోడా?"

"కింద సంతకం ఉంది పిన్నీ. చదివా."

"చదివితే చెప్పవేం? బాబాయి వంక చూస్తావేంటి, ఆయన్నడిగి చెప్పాలా? ఏమయ్యా, నీకు తెలుసా వాడు? నువ్వెందుకు లేచావు?"

"వాళ్ళు పదిహేడో నంబరు డబ్బా అన్నారే గానీ, అది నీదని చెప్పలేదే ప్రేమా."