వంకర పాళీ రాసిన పేరు

"నల్లరాయి ఒకటి చూసి పక్కన పెట్టరా బావమరిదీ. మూడడుగులది, బీటల్లేనిది," అంటూ వచ్చి టీ బడ్డీ బల్ల మీద కూర్చున్నాడు మా బావ. "ఎవరికని ఇప్పుడే అడక్కు. పేరు ఇక్కడుంది." చొక్కా జేబు తట్టి చూపించాడు. "మొదటినుంచీ చెబితే గానీ మీకెక్కదు."

నేను రాళ్ల మీద పేర్లు చెక్కే మేస్త్రిని. గుమ్మాలకి పెట్టే పలకలు, సమాధి రాళ్లు, ఏదైనా సరే. ఆ పేర్లు ముందు కాగితం మీద అందంగా రాసిచ్చేది మా బావ. ఆ కాగితం రాతికి అంటించి, గీత వెంబడే నేను ఉలి నడుపుతాను. ఇరవై ఆరేళ్లుగా మా ఇద్దరికీ ఇదే పని. మా అక్క పోయి పది నెలలు. ఆ ఇంట్లో ఇప్పుడు బావ, నా మేనకోడలు, ఇద్దరే.

నా షెడ్డుకి ఎదురుగానే టీ బడ్డీ. ఆవేళ మధ్యాహ్నం నుంచీ వాన. వీధిలో పురుగు లేదు. బడ్డీ అక్క, సంచి ఒళ్లో పెట్టుకుని వాన తగ్గేదాకా ఆగిన పోస్టుమాన్, నేను. మా బావ నోరు విప్పడానికి ముగ్గురక్కర్లేదు, ఒక్కరున్నా చాలు.

"అన్నయ్యగారూ, టీలో పంచదార తగ్గించాను. మీ మాటల్లో ఎలాగూ ఎక్కువే పడుతుంది," అంది బడ్డీ అక్క.

"నవ్వమ్మా, నవ్వు. ఈ పెన్ను సంగతి విన్నాక నవ్వితే అప్పుడడుగు. చూడ్డానికి మామూలు ఇంకు పెన్నే. ఖరీదంటావా, నాలుగు టీలు తాగినంత. కానీ పెట్టె విప్పితే ఏముందనుకున్నారు? పెన్ను ఒకటి, పాళీలు రెండు. మర తిప్పి ఒకటి తీసెయ్యొచ్చు, ఇంకోటి బిగించొచ్చు. ఒకటేమో తిన్నటి పాళీ, మనం రోజూ రాసుకునేది. రెండోదానికి మొన పైకి వంగి ఉంటుంది, అలిగినవాడి మూతిలాగా. అది చైనావాళ్లు కుంచెతో రాస్తారు చూడు, అలా రాసుకోవడానికి. నిలబెట్టి పట్టుకుంటే వెంట్రుకంత గీత, పడుకోబెడితే వేలంత గీత. పెట్టెలో కాగితం ఉంటే చదివాను."

"ఏ భాషలో ఉంది?" అన్నాడు పోస్టుమాన్.

"చైనా భాషే."

"మీకు చైనా భాష వచ్చా గురువుగారూ?"

"ముప్పై ఏళ్లు అక్షరాల మీద బతికినవాడికి ఏ అక్షరమైనా తల వంచాల్సిందేనయ్యా. సరే విను. మొదటి రోజు ఒక పేరు రాశాను, ఇంటిపేరుతో సహా, పెన్ను ఎత్తకుండా, ఒక్క ఊపిరిలో."

"ఒత్తులు కూడానా?"

"ఒత్తులు కూడా. అది కిటికీ దగ్గర ఆరబెడితే గాలికెగిరి వాకిట్లో పడింది. మూడు గంటలు వాన. పోయి చూద్దును కదా, ఒక్క అక్షరం చెరగలేదు. కాగితమే కరిగిపోయింది, అక్షరాలు మిగిలాయి! రెండు వేళ్లతో ఎత్తి దండెం మీద ఆరేశాను."

బడ్డీ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా బావ ఆమె వంక చూడను కూడా లేదు.

"అసలు సంగతి ఆ వంకర పాళీది. కాగితం చదవక ముందు, షాపువాడు పాడైన పాళీ అంటగట్టాడనుకున్నాను. ఈ బావమరిది పటకారుతో నొక్కి తిన్నగా చేసి, డబ్బాలో పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు మూత తీస్తే మళ్లీ వంకర! నాకు ఒళ్లు మండింది. నా మాట వినని పాళీనా? మళ్లీ తిన్నగా చేశాను. మళ్లీ వంగింది. మూడోసారీ అంతే. అబద్ధమైతే అడగండి, వీడి షెడ్డులో, వీడి కళ్లెదుటే నొక్కాను."

"నొక్కడం నిజమే," అన్నాను.

"విన్నారా! ఇంక దాన్ని డబ్బాలో పడేసి, తిన్నటి పాళీతోనే రాయడం మొదలెట్టాను. పొద్దున ఒక పేరు రాసి, బల్ల మీద పెట్టి, అన్నం తిని, తలుపేసుకుని పడుకున్నాను. లేచి చూస్తే కాగితం ఉంది, పేరు ఉంది, రాత నాది కాదు. నా రాత నాకు తెలీదూ? సన్నం ఉండాల్సిన చోట సన్నం, లావు ఉండాల్సిన చోట లావు. వంకర పాళీ రాత. నేను రాసిన కాగితమేదీ? మంచం కింద లేదు, బుట్టలో లేదు. సిరా ఇంకా ఆరలేదు. ముట్టుకుంటే వేలికంటింది."

బడ్డీ అక్క చేతిలో గరిట ఆగింది.

"తలుపుకి గడియ పెట్టావా బావా?" అన్నాను.

"గడియేమిట్రా, తాళం వేసి, తాళంచెవి బుగ్గన పెట్టుకుని పడుకున్నాను."

నేను తల వంచుకుని టీ తాగాను. నాకు తెలిసిన సంగతి ఒకటుంది. చెప్పనని ఒకరికి మాటిచ్చాను. బావ కోతలు కోసినన్నాళ్లూ ఆ మాట నిలబెట్టుకోవడం తేలికే అనుకున్నాను.

"ఒకరోజు నిద్ర నటించాను. దుప్పట్లోంచి ఒంటి కన్నుతో చూస్తున్నాను. గదిలో ఎవరూ లేరు. కాసేపటికి చప్పుడు. కాగితం మీద పాళీ నడిచే చప్పుడు, కర్... కర్... కర్... ముప్పై ఏళ్లుగా నా చేతికింద విన్న చప్పుడే. నా చెయ్యి మాత్రం దుప్పట్లో ఉంది."

రేకుల మీద వాన ఒక్కటే వినబడుతోంది.

"మొదట మీ అక్కేమో అనుకున్నాన్రా," అన్నాడు నావైపు తిరిగి, గొంతు తగ్గించి. "కాదు. మీ అక్కకి కాగితమంటే పిసినారితనం కదా, మూలమూలలా ఇరికించి రాసేది. ఇదేమో నాలుగువైపులా చోటొదిలి, నడిమధ్య రాస్తోంది."

"లేచి చూడకపోయారా?" అన్నాడు పోస్టుమాన్.

"భయపడ్డాననుకున్నావా? మనం లేస్తే దానికి సిగ్గేస్తుందని ఊరుకున్నాను. ఆ మర్నాడు, ఇలాగే వాన, ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా. గుమ్మం అవతలే నిలబడి, 'అయ్యా, నా పేరులో చివరి అక్షరం బరువైంది, మోయలేకపోతున్నాను, కాస్త తగ్గించండి' అన్నాడు. ఎవరనుకున్నారు? ఆ వారమే వీడు చెక్కిన రాయి కింద పడుకున్నాయన! బయట కుండపోత, ఆయన చొక్కా పొడి. ఆయన వెళ్లాక చూస్తే గచ్చు మీద ఒక్క తడి అడుగు లేదు."

"తగ్గించారా మరి?"

"అక్కడికక్కడే సన్నం చేశాను. దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు."

"ఆయనకి ఇంకా ఉత్తరాలొస్తున్నాయి," అని మెల్లగా గొణుక్కుని, పోస్టుమాన్ సంచి దగ్గరికి లాక్కున్నాడు.

"అక్కడితో ఆగితే బాగుండేది. దానికి పోయినవాళ్లు చాలలేదు, ఉన్నవాళ్ల మీద పడింది. ఒకరోజు లేచేసరికి ఈ వీధి వీధంతా రాసిపెట్టి ఉంది! పద్దెనిమిది గడపలు, వరుస తప్పకుండా. నీ పేరు ఏడోది చెల్లెమ్మా."

"నాదా! మా ఆయనది?"

"ఎనిమిది."

"అక్కడిక్కూడా నా వెనకేనా ఆ మనిషి," అంది బడ్డీ అక్క. అందే గానీ గొంతులో నవ్వు లేదు.

"నేను తిన్నటి పాళీ బిగించి కూర్చున్నాను. అది రాస్తూ పోతుంది, నేను కొట్టేస్తూ పోతాను. మూడు రోజులు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా."

"పెన్ను ఒకటే కదండీ, రెండు పాళీలూ ఒకేసారి ఎలా?" అన్నాడు పోస్టుమాన్.

"పెన్ను నా చేతిలో ఉంది. అది పెన్ను లేకుండానే రాస్తోంది. ఇందాకట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే! ఆఖరికి దాని సిరా ఇంకిపోయింది, నా సిరా ఇంకలేదు. ఇవాళ ఈ వీధిలో ఇంతమంది తిని తిరుగుతున్నారంటే ఎవరి చలవ?"

"మరి ఇవాళ్టి పేరు ఎవరిది బావా?" అన్నాను.

బావ జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, బల్ల మీద పరిచాడు. ఇంటిపేరుతో సహా ఆయన పేరే. నల్లగా, నిండుగా, నడిమధ్య.

"ఇందాక నిద్ర లేచేసరికి ఉంది. కొట్టేద్దామనే కూర్చున్నాను. గీత పడలేదురా. చెయ్యి వణికిపోయింది. చూడు, ఎక్కడో పడింది."

పేరుకి బెత్తెడు దూరంలో ఒక గీత వంకరటింకరగా పాకి ఉంది. ఆవేళ ఆయన కోత కలపకుండా చెప్పిన మొదటి మాట అదే. చేతిలో గ్లాసు బల్లకి తగిలి టకటకమంటోంది. "రాయి నీ చేత్తోనే చెక్కు. పిల్లకి మాత్రం ఇప్పుడే చెప్పకు," అన్నాడు. ఆ కళ్లలో కోతలు లేవు. భయం. చచ్చిపోతానని నిజంగానే నమ్మేశాడు. ఇచ్చిన మాట గంగలో కలిసినా సరే అనుకుని, తడుస్తూ షెడ్డులోకి వెళ్లి అగ్గిపెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద బోర్లించాను. మూడు పాళీలు పడ్డాయి. మొనలు చీలి, చదునై, దేనికీ పనికిరాకుండా ఉన్నాయి.

"ఇవేంటి?"

"నువ్వు తిన్నగా చేసిన పాళీలు. మూడూ. నా పటకారు పళ్లు దిగి ఉన్నాయి చూడు. ఒక్కటి కూడా మళ్లీ వంగలేదు బావా. డబ్బాలో నువ్వు చూసినవి కొత్తవి. నాలుగు టీల ఖరీదేనని నువ్వేగా అన్నావు. నువ్వు పాడుచేసినప్పుడల్లా పిల్ల ఇంకో పెన్ను కొని, దాని పాళీ తెచ్చి పెట్టింది, పాడైనది నా దగ్గర దాచింది."

"ఏ పిల్ల?" అన్నాడు, తెలిసే.

"నీ పిల్లే. నీ గీతలు వణుకుతున్నాయి, నేను చెక్కలేకపోతున్నాను. ఆ మాట నీకు చెప్పలేక దాని దగ్గర చెప్పుకుని ఏడ్చాను. అప్పట్నుంచీ నువ్వు పడుకున్నాక నీ కాగితం తీసుకెళ్లి, పక్కగదిలో కూర్చుని ఆ వంకర పాళీతో మళ్లీ రాసి తెచ్చి పెడుతోంది. నీదేమో పొయ్యిలో వేస్తోంది. నాన్నకి చెప్పకు మామయ్యా అని ఒట్టు వేయించుకుంది."

"మరి బుగ్గన తాళంచెవి?" అంది బడ్డీ అక్క.

"లేదులే చెల్లెమ్మా," అన్నాడు బావ. "నా పేరెందుకు రాసింది మరి?"

"దానికి పలక మీద మొట్టమొదట ఏం దిద్దించావు బావా? అందరూ పిల్లలకి 'అ ఆ' దిద్దిస్తే, నువ్వు నీ పేరు దిద్దించి ఊరంతా చెప్పుకున్నావు. ఇప్పటికీ చేతికి కొత్త పాళీ వస్తే ముందు ఆ పేరే రాసి చూసుకుంటుంది. ఇవాళ తియ్యడం మర్చిపోయింది."

"బతికారు అన్నయ్యగారూ!" అని బడ్డీ అక్క చప్పట్లు కొట్టింది. బావ కూడా నవ్వాడు. నవ్వుతూనే తన కుడిచేతి వంక చూసుకున్నాడు. ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువుని చూసినట్టు చూశాడు.

"ఎన్నాళ్లయింది?"

"తొమ్మిది నెలలు."

"తొమ్మిది నెలల్లో నేను రాసింది ఒక్కటీ రాయి ఎక్కలేదా?"

"లేదు బావా."

"మీ అక్క రాయి?"

"అది నీ చెయ్యే. అదే ఆఖరిది."

ఆయన బల్ల మీది పేరుని వేలితో ఒకసారి నిమిరాడు. "అయితే పాళీ తప్పు రాయలేదన్నమాట, పోయినవాడి పేరే రాసింది," అన్నాడు. ఇందాకట్నుంచీ ఆయన చెప్పిన దయ్యాలకి వెయ్యని భయం నాకు ఆ మాటకి వేసింది. ఎందుకు నోరు విప్పానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

వాన కొంచెం తగ్గింది. పోస్టుమాన్ లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"పిల్ల రాత ఎలా ఉందిరా?"

"నిజం చెప్పనా?"

"ఇవాళ అదే పనిలో ఉన్నావుగా, కానియ్."

"నీ రాతకన్నా బాగుంది."

"నేర్పింది ఎవరనుకున్నావ్!" అన్నాడు. కాగితం మడిచి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. "ఆ నల్లరాయి అలాగే ఉంచు. మా గుమ్మానికి పెడదాం. దాని మీద పిల్ల పేరు చెక్కు. కింద 'ఇక్కడ పేర్లు రాయబడును' అని వెయ్యి."

"సరే, పేరు రాసిమ్మని దాన్ని అడుగుతాను."

"దాన్నెందుకూ? దాని పేరు నేను రాస్తాను." కుడిచేతిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. "వణికిన చోట వణికినట్టే చెక్కు. సరిచేశావంటే ఊరుకోను."

మామూలుగా అది మూడు రోజుల పని. ఆ రాయికి పదకొండు రోజులు పట్టింది. వణుకు చెక్కడం నాకు అలవాటు లేదు.