గాలిమేస్త్రితో గాలిమిషను పందెం

"గాలి సంగతి నా దగ్గరా? ఇదిగో, ఈ ఛాతీ చూడండి, కావాలంటే తట్టి చూడండి, మొహమాటం వద్దు. ఒకసారి పంపు వాషరు చిరిగిపోతే సైకిలు ట్యూబుని నోటితో ఊది నింపి పంపించాను. అంతే. పెద్ద గొప్పేం కాదు. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా."

ఎవరూ అడగలేదు. టీకొట్టు బల్ల మీద ఉన్నది ఇద్దరే, టైలరూ, డ్రైవరూ. పొయ్యి దగ్గర టీకొట్టు అక్క.

గాలిమేస్త్రి అంటే పాత లారీస్టాండు పక్కన పంక్చరు షాపు ఆయనే. బైపాసు రోడ్డు పడ్డాక లారీలు ఇటు రావడం మానేశాయి. షాపు ముందు ఇప్పుడు స్కూటర్లు ఆగుతున్నాయి గానీ ఆయన నోరు మాత్రం లారీల కాలంలోనే ఉండిపోయింది. డ్రైవరు ఆయనకి వరస కలిపిన బావ. అసలైతే ఈపాటికి స్కూలు వ్యాను నడుపుతూ ఉండాలి. కిందటి వారం పట్టపగలు స్టీరింగు మీద కునుకు తీసి ఖాళీ వ్యానుని గోడకి గుద్దాడు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతోందని, జబ్బు కొద్దిగానే ఉందని, అయినా రోజూ ముక్కులోకి గాలి ఊదే ఆ గాలిమిషను పెట్టుకుని పడుకునేదాకా స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. మిషను ఇంటికొచ్చింది, అట్టపెట్టె మాత్రం విప్పలేదు. "ఈ వయసులో మూతికి చిక్కం కట్టుకోను" అని మొండికేశాడు. స్టీరింగు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పొద్దున్నే వచ్చి ఇక్కడ కునికిపాట్లు పడుతున్నాడు.

మేస్త్రికీ అదే జబ్బు, అదే డాక్టరు, అలాంటిదే మిషను. ఆయన అప్పుడే మొదలుపెట్టేశాడు కూడా. ఈ పొద్దు గొంతు సవరించుకున్నది అందుకే.

"సైకిలు ట్యూబు ఊదానా, చూసినవాళ్ళు ఊరుకుంటారా? లారీ ట్యూబు పట్టుకొచ్చారు. ఆ రోజుల్లో స్టాండు ఎలా ఉండేదక్కా! నీకూ గుర్తుండే ఉంటుంది, అప్పుడే కదా కొట్టు పెట్టావు. ఈ చివర్నించి ఆ చివరిదాకా లారీలు, మధ్యలో నడవాలంటే మనిషి పక్కకి తిరగాలి, డీజిలు వాసన, తడి తార్పాలిను వాసన, అబ్బ, ఇప్పటికీ ముక్కులోనే ఉంది. ఎవడో టైరు మీద సుత్తితో కొడుతుంటే ఆ చప్పుడు విని ఇక్కణ్నించే అరిచేవాణ్ణి, ఒరేయ్, అందులో గాలి తక్కువుందిరా అని. తక్కువే ఉండేది! భోజనాలయ్యాక డ్రైవర్లందరూ బండ్ల కింద నీడలో దుప్పట్లు పరుచుకుని పడుకునేవాళ్ళు, ఇక చూడు గురకలు, ఒక్కో బండి కింద ఒక్కో రకం. ఈ బావది వేరే. మధ్యలో ఆగేది. ఆగి, ఆగి, ఇక లేదనుకునేసరికి గేరు మార్చినట్టు మళ్ళీ అందుకునేది. అన్ని బండ్లలో ఈయన బండి ఎక్కడుందో ఆ గురకతోనే కనిపెట్టేవాణ్ణి. ఏం రోజులక్కా అవి! మళ్ళీ వస్తాయా?"

"రోజులు తర్వాత, ముందు ట్యూబు సంగతి చెప్పు" అన్నాడు టైలరు.

"చెబుతున్నాగా! ట్యూబు టైరులో ఉంది, టైరు బండికి ఉంది, నేను నోరు పెట్టాను. ఒక్క ఊపిరికి జాకీ లేకుండా బండి ఓ పక్క లేచింది. బండి ఒరిగిపోతోంది మేస్త్రీ, రెండో పక్క కూడా ఊదు అని గోల. ఊదాను. ముందు ఊదాను, వెనక ఊదాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి నేలకి ఆనడం మానేసింది. కొండ రోడ్డు ఎక్కేటప్పుడు చుక్క డీజిలు తాగలేదు. ఎటైనా ఎగిరిపోతుందేమోనని లోడు మీద బండరాళ్ళు వేసుకుని వెళ్ళారు. నమ్మకపోతే ఈ బావని అడగండి, నడిపింది ఈయనే."

డ్రైవరు కళ్ళు తెరిచాడు. "నేనా? ఎప్పుడు?"

"నీకెలా గుర్తుంటుంది? నిద్రపోతూ నడిపావుగా!"

టైలరు పడీపడీ నవ్వాడు. డ్రైవరు నవ్వలేదు, మొహం పక్కకి తిప్పుకున్నాడు. మేస్త్రి నాలిక కరుచుకుని వెంటనే దారి మార్చాడు.

"సరే, అసలు సంగతికి వస్తా. ఆసుపత్రిలో వేలికి క్లిప్పు, ఛాతీకి పట్టీ, ముక్కుకి సన్న గొట్టం ఇచ్చి, ఇంట్లో పెట్టుకుని పడుకో అన్నారు. పొద్దున తిరిగి ఇచ్చేస్తే డాక్టరు అంతా చూసి 'కొద్దిగానే ఉందండీ' అన్నాడు. కొద్దిగా! ఆ కొద్దిగా అంటే ఎంతో మీకు తెలీదు. మామూలు మనిషికైతే అది కొండంత. నా ఛాతీ పక్కన పెట్టి చూశాడు కాబట్టి పాపం ఆయనకి కొద్దిగా కనిపించింది."

"అంత ఛాతీ ఉన్నవాడికి మిషను ఎందుకిచ్చాడట?" అంది అక్క, గ్లాసులు కడుగుతూ.

"దానికి నాలుగు విద్యలు నేర్పుతానని! ఇంటికి తెచ్చి చూస్తే చెప్పుల డబ్బా అంత ఉంది. ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుకి తొడుగు. గాలి వస్తువు నా చేతికొస్తే ముందు ఏం చేస్తాను? టబ్బు నిండా నీళ్ళు పోశాను, మిషను ఆన్ చేశాను, తొడుగుని ముంచాను. లీకు చూడొద్దూ? బుడగలే బుడగలు! చూస్తే తొడుగుకి సన్నసన్న చిల్లులు. కొత్త సరుకుకి చిల్లులేంటి, మోసం చేశారు అనుకుని, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, శుభ్రంగా ప్యాచీ వేసేశాను."

"వేశావా!"

"మనం వదిలిన ఊపిరి బయటికి పోవడానికి కంపెనీవాళ్ళే పెట్టిన చిల్లులట అవి. నాకెవడు చెప్పాడు? చిల్లు కనపడితే ఈ చేతులు ఊరుకోవు. మా ఆవిడ, అదే బావా, మీ చెల్లెలు, అది చూసి లబోదిబోమని, ఆసుపత్రికి పరిగెత్తి కొత్త తొడుగు తెచ్చింది."

"ఇదొక్కటి నమ్ముతాను" అన్నాడు టైలరు.

"ముందుంది అసలు కథ. కొత్త తొడుగు పెట్టుకుని పడుకున్నాను. మిషను మెల్లిగా మొదలెట్టింది, వేడి పాలు చల్లార్చేటప్పుడు ఊదినట్టు. ఓహో, నాతోనా అనుకుని నేనొకటి వదిలాను. అది కాస్త పెంచింది. నేనూ పెంచాను. కర్టెన్లు లేచాయి. గోడ మీద క్యాలెండరు కాగితాలు వాటంతట అవే తిరిగిపోయాయి, పక్కింటాయనకి జీతం రాకుండానే ఒకటో తారీకు దాటిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధిలో కరెంటు పోయింది, అయినా అందరిళ్ళలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి! ఎవరి గాలికి? తెల్లారేసరికి కరెంటు ఆఫీసువాళ్ళు నిచ్చెన మోసుకుంటూ వచ్చారు. 'ఏమండీ, మీ ఇంట్లోంచి కరెంటు మాకు ఎదురొస్తోంది' అని. ఆపెయ్యమంటారా అన్నాను. 'వద్దు బాబూ, ఇంకో రెండు వీధులకి సరిపడా ఊదండి' అని కాళ్ళావేళ్ళా పడ్డారు. పోనీలే పాపమని ఊదితే, నెత్తిమీద వానకి సిద్ధంగా ఉన్న మబ్బులు కాస్తా పక్క ఊరికి పోయాయి. మనకి ఎండ, వాళ్ళకి వరద. ఆ ఊరి పెద్దలు పడవల్లో వచ్చి, 'అయ్యా, దయచేసి అటు పక్కకి తిరిగి పడుకోండి' అని దండం పెట్టారు!"

"మరి మిషను ఏమైంది?"

"ఏమవుతుంది? చేతులెత్తేసింది. మేస్త్రీ, నావల్ల కాదు, నన్ను శిష్యుడిగా చేర్చుకో అంది."

"మిషను మాట్లాడిందా?"

"గాలిభాషలో. నీకు రాదులే." మేస్త్రి డ్రైవరు వైపు జరిగి ఆయన మోకాలి మీద చెయ్యేశాడు. "చూశావా బావా, ఎంత తేలికో! నువ్వూ ఇవాళే విప్పు ఆ పెట్టె."

డ్రైవరు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "తేలికా? మబ్బుల్ని తోసే మిషనుని తెచ్చి మూతికి కట్టుకోమంటావా? నువ్వు చెప్పేకొద్దీ నాకున్న కాస్త ధైర్యం కూడా పోతోంది. నీకు ఛాతీ ఉంది, ఎదురు ఊదావు. నాకేముందని?"

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. "నీకేముందేంటి? మొండితనం ఉంది, కావలసినంత! ఆ బండ్ల కింద పడుకున్నవాళ్ళలో ఇప్పుడెవడున్నాడు చెప్పు. అందరూ పోయారు. నువ్వొక్కడివి మిగిలావు. నీ గురక ఆగినప్పుడల్లా మేం చుట్టూ చేరి పందేలు కాసుకున్నాం, వెధవలం, అది ఊపిరే ఆగడమని ఎవడికి తెలుసు? ఏదో ఒక రోజు అది ఆగి మళ్ళీ అందుకోకపోతే? నువ్వు కూడా పోతే ఈ బల్ల మీద కూర్చుని నేనెవరికి చెప్పుకోను బావా?"

అక్క పొయ్యి తగ్గించింది. డ్రైవరు మేస్త్రి వంక అలా చూస్తూ ఉండి, మెల్లిగా నవ్వాడు.

"నిన్న మా చెల్లెలు మా ఇంటికొచ్చింది బావా. మా ఆవిడతో చెబుతుంటే పక్కగదిలోంచి విన్నాను. మొదటిసారి ఆ తొడుగు పెట్టగానే పీకి అవతల పారేసి, ఊపిరాడట్లేదు, చచ్చిపోతున్నా అని వీధిలోకి పరిగెత్తావట. నిజమేనా?"

టైలరుకి టీ పొలమారింది.

"అదీ... వీధిలో గాలి ఎలా ఉందో చూద్దామని..."

"అప్పుడు ఆవిడే ముందు తన మొహానికి పెట్టుకుని, చూడండి, నేను బతికే ఉన్నాగా అని చూపించిందట. పట్టపగలు కుర్చీలో కూర్చోబెట్టి, కాసేపు పెట్టి, కాసేపు తీసి, పసిపిల్లాడికి కొత్త చెప్పులు అలవాటు చేసినట్టు అలవాటు చేసిందట. నువ్వేమో ఆవిడ చెయ్యి వదల్లేదట. ఇప్పటికీ ఆ చెయ్యి దొరికితేగానీ నీకు నిద్ర పట్టదట."

మేస్త్రి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"భయమేసింది బావా" అన్నాడు చివరికి. "గాలి లోపలికి తోసుకొస్తుంటే, మళ్ళీ ఊపిరి ఎలా వదలాలో తెలియలేదు. ఇప్పుడు అలవాటైంది. నిద్ర పడుతోంది, పొద్దున లేస్తే తల బరువుండట్లేదు. అంతే, ఇంకేం జరగలేదు. అంతే చెబితే ఎవరు వింటారు?"

"నేను వింటాను" అన్నాడు డ్రైవరు. "ఇంత పిరికివాడివి నువ్వే పెట్టుకుని పడుకుంటున్నావు, నాకేం రోగం?"

లేచి, చొక్కా దులుపుకున్నాడు.

"సాయంత్రం మా చెల్లెల్ని ఇంటికి పంపించు. ఆ పెట్టె విప్పుదాం."

"నేనూ వస్తాను బావా!"

"రా. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రా."