చివర కలపాల్సిన ఒకటి

ఏదీ, ఆ పుస్తకం ఇలా ఇవ్వు. కళ్ళజోడు టీవీ మీద ఉంది, అదీ అందుకో. ఆఁ... ఒకట్లు, సున్నాలు. మళ్ళీ ఒకట్లు. దీని గురించేనా తల్లీ, నువ్వూ మీ అమ్మా నెల రోజుల్నుంచి మొహాలు ముడుచుకుని తిరుగుతున్నారు? తెలుసులే. కాళ్ళు పోయినా చెవులు బాగానే ఉన్నాయి నాకు. నువ్వు ఈ కంప్యూటరు కోర్సులోనే చేరతానంటావు, అది ససేమిరా అంటుంది. ఇంకో అరగంటలో బస్సు దిగి వస్తుంది కాబట్టి ముందుగా వచ్చి నన్ను పట్టుకున్నావు, 'చిన్న తాతయ్యా, నువ్వు చెబితే అమ్మ వింటుంది' అని. వింటుందమ్మా. మేనమామ మాట అది ఏనాడూ కాదనలేదు. ఆ దిండు కొంచెం నడుము కిందకి జరుపు. ఇంకొంచెం. చాలు.

మీ అమ్మకి నీ మీద కోపం కాదు. ఈ సున్నాల మీదా కాదు. వాళ్ళ నాన్న మీద. మీ తాతయ్య, అంటే మా అక్క మొగుడు, నాకు బావ. నువ్వు పుట్టకముందే పోయాడు, ఫొటోలో చూడ్డమే నువ్వు. ఫొటోలో మరీ పెద్దమనిషిలా ఉంటాడు కానీ అంత లేదు. పొట్టి మనిషి, జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు, నోట్లో ఒక లవంగం. కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రీషియను. నన్ను గేటు గుమాస్తాగా అక్కడ పెట్టించింది ఆయనే. పెట్టించాక నెల రోజులు సతాయించాడు, 'నా పరువు తీశావంటే మీ అక్కని నీ ఇంటికే పంపిస్తాను' అని. అక్క లోపల్నుంచి, 'పంపించండి, నాకూ కాస్త విశ్రాంతి' అనేది. అలా ఉండేది వాళ్ళ కాపురం, బాగానే ఉండేది.

ఆ కోల్డ్ స్టోరేజీ అంటే మన ఫ్రిజ్జు లాంటిది కాదు, ఊరంత. గడ్డకట్టించిన రొయ్యల బస్తాలు, చేపల పెట్టెలు, కప్పు దాకా. కూలీలు ఒక తలుపున వెళ్ళి ఇంకో తలుపున రావాలి. సాయంత్రం తలుపులు బిగించి చలి పెంచేవాళ్ళు. లోపల మనిషి ఉండిపోతే ఇక అంతే సంగతులు. అంతకుముందు ఏడాది ఒకడు బస్తాల చాటున కునుకు తీసి కొద్దిలో బయటపడ్డాడు. అప్పట్నుంచి బావకి అదే బెంగ పట్టుకుంది. పాత టెలిఫోను ఆఫీసు వాళ్ళు పారేసిన రిలేలు, అంటే కరెంటు తగిలితే టక్కుమని అతుక్కునే స్విచ్చిలన్నమాట, ఒక గోనెసంచీడు మోసుకొచ్చాడు. ఇల్లంతా అవే. అక్క బియ్యం డబ్బాలో కూడా దొరికాయి. ఆరు నెలలు కూర్చుని బీరువా అంత డబ్బా చేశాడు. దాని మీద మూడు వరసల బల్బులు, వరసకి ఎనిమిది. పై వరస లోపలికి వెళ్ళినవాళ్ళు, మధ్యది బయటికొచ్చినవాళ్ళు, కింద వరస లోపల మిగిలినవాళ్ళు. తిరిగే గేటు ఒకసారి తిరిగితే ఒక లెక్క.

నీ పుస్తకంలో ఇంత పొడుగున రాశారు కానీ, ఆయన నాకు రెండు ముక్కల్లో చెప్పాడు. కుడి చివరి బల్బు వెలిగితే ఒకటి. పక్కది రెండు, ఆ పక్కది నాలుగు, ఎనిమిది, అలా రెట్టింపు చేసుకుంటూ పో. ఒకటికి ఒకటి కలిపితే రెండు కదా, రెండు అని చూపించడానికి ఆ బల్బుకి చేతకాదు, అందుకని అది ఆరిపోయి పక్కదాన్ని వెలిగిస్తుంది. చిన్నప్పుడు కూడికల్లో చేతికి ఒకటి అనుకునేవాళ్ళం చూడు, అదే. ఇదంతా ఎందుకు బావా, గోడ మీద గీతలు గీసుకోక అన్నాను. 'గీతలు నువ్వు గీస్తావు కాబట్టి' అన్నాడు. అదీ నా మీద ఆయనకున్న నమ్మకం. తప్పేం అనలేదులే, పాపం.

అయితే ఆ డబ్బాకి కూడికే వచ్చు. తీసివేత రాదు. మరి మిగిలినవాళ్ళ లెక్క ఎలా? దానికి ఆయన రెండు పనులు పెట్టాడు. ఒక మీట కిందకి లాగితే మధ్య వరస తిరగబడి కూడికలోకి వెళుతుంది, వెలిగేది ఆరినట్టు, ఆరేది వెలిగినట్టు. దాన్ని పై వరసకి కలిపేస్తుంది. ఎడమ చివర్న ఒకటి పొర్లిపోతే పోనీ, దాన్ని పట్టించుకోవద్దు. ఆ తర్వాత పక్కనున్న చిన్న నల్ల స్విచ్చి నొక్కాలి, అది ఇంకో ఒకటి కలుపుతుంది. అప్పుడు వచ్చిందే జవాబు. ఇదిగో, వేళ్ళ మీద చూడు. అయిదులోంచి మూడు. మూడుని తిరగేసి అయిదుకి కలిపి, పొర్లింది వదిలేస్తే ఒకటి వస్తుంది. ఒకటి తప్పు కదా. ఇంకో ఒకటి కలిపితే రెండు. ఆ స్విచ్చి నొక్కకుండా ఆ మీటకే కట్టెయ్యొచ్చుగా అంటావు. నేనూ అన్నాను. పొద్దున్నపూట అదే డబ్బాతో పెట్టెలు కూడాలని ఓనరు పట్టుబట్టాడు, అప్పుడు తిరగేసే ప్లగ్గు పీకేసి ఇదే మీట లాగాలి, ఆ ఒకటి కలవకూడదు, అందుకని విడిగా ఉంచాడు. 'తిరగెయ్, ఒకటి కలుపు' అని రోజుకి పదిసార్లు నా ప్రాణం తీసేవాడు. నాకు కలలో కూడా అదే.

ఆ రోజు... ఎక్కడున్నాను? ఆఁ. ఆ రోజు నాకు తొందరేం లేదమ్మా. ఒంట్లో బాగోలేదని కూడా చెప్పలేను. వాచ్‌మన్‌కి పన్ను నొప్పి. ఏ పన్ను, ఎవరి దగ్గరికెళ్ళాలి, పీకించాలా వద్దా, అదీ మా మాట. బావ నాలుగింటికే ఇంటికెళుతున్నానని చెప్పాడు. గడప దాటాక లోపల చిక్కుకున్నవాళ్ళు కొట్టే ప్రమాదం గంట మోగట్లేదన్న సంగతి గుర్తొచ్చిందట, వెనక్కొచ్చి గేటు తిప్పుకుని లోపలికెళ్ళాడు. తనైనా సరే గేటు తిప్పే వెళ్ళాలని ఆయన పెట్టిన రూలే. మేం చూడలేదు. అయిదింటికి నేను మీట లాగాను. కింద వరస మొత్తం ఆరిపోయింది, శుభ్రంగా, ఒక్క బల్బు లేదు. 'ఖాళీ' అన్నాను. వాచ్‌మన్ దవడ పట్టుకునే తలుపు బిగించాడు.

నల్ల స్విచ్చి నొక్కలేదు.

నలభై అయిదుమంది వెళ్ళారు, నలభై నలుగురు వచ్చారు. నువ్వు కాగితం మీద వేసి చూసుకో, నేను వెయ్యని రోజు లేదు. లోపల ఎవరూ లేనప్పుడు ఆ స్విచ్చి మరిచిపోతే ఎనిమిది బల్బులూ ఒక్కసారి భగ్గుమని మన తప్పు మనకి చెప్పేస్తాయి. రెండుసార్లు అలా అయింది, రెండుసార్లూ తిట్లు తిన్నాను. సరిగ్గా ఒక్క మనిషి ఉన్ననాడే అది చప్పుడు చెయ్యదు. పైన రెండు వరసలూ పోల్చి చూసినా తెలిసేది, కుడి చివర ఒక్క బల్బే తేడా. నేను చూడలేదు. ఏడింటికి మీ అమ్మమ్మ గేటు దగ్గరికొచ్చింది, 'ఒరేయ్, మీ బావ ఇంకా రాలేదేంట్రా' అని. నేను డబ్బా దగ్గరికి పరిగెత్తాను. స్విచ్చి పైకే ఉంది. నొక్కాను. కుడి చివర ఒక్కటి వెలిగింది. అది మీ తాతయ్యే తల్లీ.

బతికాడు. చలికి చచ్చుబడితే కుడిచేతి మూడు వేళ్ళు తీసేశారు. ఎలక్ట్రీషియనుకి కుడిచేతి వేళ్ళు. ఆసుపత్రిలో ఓనరు మంచం పక్కన కుర్చీ వేసుకుని అడిగాడు, ఏం జరిగిందని. నేను కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను, నోరు తెరిచాను కూడా. బావే అందుకున్నాడు, 'వైరింగు నాది, వదులైపోయింది, లెక్క తప్పు చూపించింది' అని. ఓనరు వెళ్ళాక నాతో అన్నాడు, 'నా వేళ్ళు ఎలాగూ పోయాయి, ఉద్యోగం ఉండదు. నీదీ పోతే రెండిళ్ళు ఎవడు చూస్తాడ్రా. నోరు మూసుకో' అని. మూసుకున్నాను. డబ్బాని తుక్కు కింద తూచేశారు. నేను అక్కడే మేనేజరునై రిటైరయ్యాను. ఆయన మిగిలిన వేళ్ళతో రేడియోలు బాగుచేసుకున్నాడు. ఏదో నా చేతనైనంత ఇచ్చాను కానీ ఇల్లు గడవలేదు. పదో తరగతి పరీక్షకి ముందే మీ అమ్మని మాన్పించి కుట్టు మిషను ముందు కూర్చోబెట్టారు. లెక్కల్లో అది ఫస్టు. ఆ కసి అలాగే ఉండిపోయింది దానికి, నాన్న పిచ్చి డబ్బా వల్ల నా చదువు పోయిందని. మా అక్క కూడా పోయేదాకా అదే మాట, 'లెక్క రాని డబ్బా చేసి వేళ్ళు పోగొట్టుకున్నారు' అని నవ్వేది. ఆవిడ వడ్డిస్తుంటే తింటూ నేనూ నవ్వేవాణ్ణి. బావ తల ఎత్తేవాడు కాదు, మజ్జిగ పోసుకునేవాడు.

డబ్బా లెక్క తప్పలేదమ్మా. ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ మాట మీ అమ్మకి చెప్పాలి. చెబితే నువ్వు చేరాలనుకున్నదాంట్లో చేరతావు, నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా నాకు ప్రతి మాత్రా టైముకి తెచ్చిపెట్టేది మీ అమ్మే, అందుకని... లేదు, నువ్వు చెప్పకు. నీ నోటివెంట వినకూడదు. నేనే చెబుతాను, ఇవాళే. అదుగో, గేటు చప్పుడు. వెళ్ళు, తలుపు తియ్యి.

రామ్మా, రా. చెమటలు పట్టేశాయే, ఫాను కింద కూర్చో. ఏం లేదు, నీ కూతురు పుస్తకం చూపిస్తోంది. ఆఁ, మీ నాన్న డబ్బా గురించే అడుగుతోంది... అవునులే, నిజమే, లెక్క రాని డబ్బానే. ఏం చేస్తాం. అది సరే గానీ, బస్సులో సీటు దొరికిందా?